అన్ని ఊళ్లకూ ఒకే లెక్కా, ఊరికో లెక్కా: ఏది మేలు?

ఆగ్నేయాసియా తిరిగొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒక్కటే, "రోజుకి ఎంత పెట్టుకోవాలి?" ఒక అంకె చెప్తే రాసుకుని వెళ్దామని వాళ్ల ఆశ. చెప్పలేకపోతున్నాను. టికెట్లు కొనకముందు మా ఇంట్లో నెల రోజులు నడిచిన వాదన కూడా ఇదే మరి. మా ఆయనేమో రోజుకి ఇంత అని ఒకే అంకె పెట్టుకుని అన్ని ఊళ్లకీ అదే వాడదామన్నారు. నేను ఊరికో లెక్క వేసుకుందామన్నాను.

మేం వెళ్లిన వరస ఇది: హనోయ్ నాలుగు రాత్రులు, కంబోడియాలోని సియెం రీప్ మూడు, బ్యాంకాక్ నాలుగు, కౌలాలంపూర్ మూడు, చివరికి సింగపూర్ రెండు. మొత్తం 16 రాత్రులు, ఇద్దరం. ఐదు దేశాలు, ఐదు రకాల డబ్బు కాబట్టి లెక్కంతా అమెరికా డాలర్లలోనే వేసుకున్నాం.

ఒకే లెక్కలో ఉన్న సుఖాన్ని నేను కాదనను. హనోయ్‌లో నోటు మీద సున్నాలు లెక్కపెట్టుకుంటూ, ఆపైన సియెం రీప్‌లో డాలర్లిస్తే చిల్లర అక్కడి డబ్బు రియెళ్లలో తీసుకుంటూ తిరిగేటప్పుడు, మనసులో ఒకే అంకె ఉంటే ఎంతో తేలిక. ఒకే దేశంలో, అంటే హనోయ్, హుయే, దా నాంగ్ లాంటి ఊళ్లు తిరిగేవాళ్లకి ఈ పద్ధతి చాలు. వాళ్లు ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

చిక్కంతా దారిలో సింగపూర్ లాంటి ఊరు ఉన్నప్పుడే. మాకు రూమ్, తిండి, ఊళ్లో తిరుగుడు కలిపి రోజుకి హనోయ్‌లో 42 డాలర్లు, సియెం రీప్‌లో 40, బ్యాంకాక్‌లో 52, కౌలాలంపూర్‌లో 49 పడింది. సింగపూర్‌లో 133. 16 రోజులకి కలిపితే 909, రోజుకి సగటున 57. కాగితం మీద 57 చక్కగా సరిపోతుంది. మొదటి నాలుగు ఊళ్లలో మిగిలేది 155, సింగపూర్‌లో తగ్గేది 152. కానీ ఆ 155 చివరి ఊరిదాకా మిగలాలి కదా! హనోయ్‌లో సాయంత్రం ఏడింటికి చేతిలో ఇంకా 15 డాలర్లు కనిపిస్తే అది "మిగిలింది" అనే అనిపిస్తుంది, "సింగపూర్‌ది" అనిపించదు. ఎదురుగా పట్టు స్కార్ఫుల దుకాణం ఉంటుంది. లోపలికి వెళ్తాం.

అందుకే వరస కూడా ముఖ్యం. సింగపూర్ మొదట పెట్టుకుంటే ఒకే లెక్క కూడా బాగానే పనిచేస్తుంది. లోటు మొదటే కళ్లకి కనిపిస్తుంది, తర్వాత ఊళ్లలో చెయ్యి దానంతటదే బిగుస్తుంది. ఖరీదైన ఊరు చివర్లో ఉన్నవాళ్లు మాత్రం ఆ పద్ధతి పెట్టుకోవద్దు.

ఇక నా దృష్టిలో అసలు విషయానికి వస్తాను. అందరూ తిండి గురించి టెన్షన్ పడతారు. ఊరికీ ఊరికీ తేడా తెచ్చేది తిండి కాదు, రూమ్. హనోయ్ పాత బజారులో 22 డాలర్లకి చిన్న బాల్కనీ, పొద్దున టిఫిన్‌తో సహా రూమ్ దొరికింది. సియెం రీప్‌లో 18, బ్యాంకాక్‌లో 28, కౌలాలంపూర్‌లో 27. సింగపూర్‌లో 95 డాలర్లు పెడితే వచ్చింది కిటికీ లేని గది. సూట్‌కేస్ నేల మీద తెరిస్తే తలుపు తెరుచుకోదు. మంచం మీద పెట్టి తెరిచి, పడుకునేముందు దించుకున్నాం. ఒకే లెక్క అయ్యుంటే నిద్ర లేచేసరికే ఆ రోజు 57 పోయి, ఇంకా 38 బాకీ ఉండేవాళ్లం.

ఆ రూమ్ అద్దెని లెక్కలోంచి తీసేసి చూడండి. మా ఇద్దరికీ రోజుకి మిగిలిన ఖర్చు వరసగా 20, 22, 24, 22. సింగపూర్‌లో కూడా 38 మాత్రమే. అక్కడ హాకర్ సెంటర్లు, అంటే ఒకే కప్పు కింద చవకగా తిండి అమ్మే చిన్న దుకాణాలు ఉన్నాయి, ఆ సంస్కృతిని యునెస్కో 2020లో వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. కొళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసాలు కొనే పని లేదు. మెట్రో నేరుగా ఎయిర్‌పోర్ట్‌లోకే వస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఏసీ రెస్టారెంట్లలో. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం పన్ను పడతాయి. 20 అని చూసి ఆర్డర్ ఇచ్చింది బిల్లులో 24 దగ్గరికి వస్తుంది.

శాకాహారులు కూడా తిండికి ఎక్కువ పెట్టుకోనక్కర్లేదు. మాంసం లేని తిండికి వియత్నాంలో "చాయ్", థాయ్‌లాండ్‌లో "జే" అన్న మాటలు గుర్తుపెట్టుకోండి. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే అది జే తిండి దొరికే చోటు. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం ఉండనే ఉంది.

రోజు లెక్కలో ఇమడనిది ఇంకొకటి, పెద్ద టికెట్లు. సియెం రీప్ పక్కనున్న ఆంగ్కోర్ పాత గుళ్లు చూడ్డానికి పాస్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, వారానికి 72. కౌంటర్ దగ్గర మన ఫొటో తీసి పాస్ మీద ముద్రిస్తారు, కాబట్టి ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. మూడు రోజుల పాస్‌ని 10 రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, వరసగా ఎండలో తిరగాలనేం లేదు. ఇద్దరికీ 124. సియెం రీప్‌లో మూడు రోజులూ పొదుపుగా ఉన్నా ఒకే లెక్కలో మిగిలేది 51, ఒక్కరి పాస్‌కి కూడా చాలదు. పైగా 2023లో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్ట్ ఊరికి చాలా దూరం, పాతదానిలా పక్కనే ఉండదు. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌కి మనిషికి 500 బాట్లు. కౌలాలంపూర్‌లో బటు గుహల పెద్ద గుడికి టికెట్ లేదు, 272 మెట్లు ఎక్కడమే. కానీ విదేశీయులకి హోటల్లో రూముకి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను ఉంది. బుకింగ్‌లో కట్టకపోతే కౌంటర్ దగ్గర అడుగుతారు.

ఊరికో లెక్క వేసుకోవడంలో నేను ముందు అనుకోని లాభం ఇంకోటి కలిసొచ్చింది. థాయ్‌లాండ్ ఏటీఎంలు బయటి కార్డు పెడితే ఎంత తీసినా ఒకే రుసుము పట్టుకుంటాయి, 220 బాట్లో అంతకన్నా ఎక్కువో. రోజు లెక్కతో తిరిగేవాళ్లు రోజూ కొంచెం కొంచెం తీస్తారు, ప్రతిసారీ ఆ రుసుము పోతుంది. బ్యాంకాక్ మొత్తానికి ఎంత కావాలో మాకు ముందే తెలుసు కాబట్టి ఒక్కసారే తీశాం.

డబ్బంతా ఒక కార్డులో వేసుకుని, అయిపోయేదాకా తిరిగే పద్ధతి కూడా ఉంది. ఒంటరిగా, తిరుగు టికెట్ తేదీ లేకుండా వెళ్లేవాళ్లకి సరే. ఇంటర్నెట్‌లో దొరికే "ఫలానా ఊళ్లో రోజుకి ఇంత" అన్న సగటు అంకెల్ని మాత్రం నమ్ముకోవద్దు. అది ఒకరికో ఇద్దరికో, రూముతోనో రూము కాకుండానో తెలియదు.

చివరికి మేం చేసింది ఇదీ: రూములన్నీ వెళ్లకముందే బుక్ చేసి డబ్బు కట్టేశాం. పాస్‌లు, ఎంట్రీ టికెట్లు, ఎయిర్‌పోర్ట్ దారి ఖర్చులు వేరే కవరు. మిగిలిన చేతి ఖర్చుకి నాలుగు ఊళ్లకీ రోజుకి 22 అని మా ఆయన అడిగిన ఒకే లెక్క, సింగపూర్‌కి విడిగా 38. మళ్లీ వెళ్లినా ఇలాగే వెళ్తాను.

మీరు ఇదే దారిలో వెళ్తుంటే ముందు తారీఖులు చూసుకోండి. హనోయ్‌లో టెట్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం పండగ రోజుల్లో చాలా దుకాణాలు మూసేస్తారు. బ్యాంకాక్‌లో ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సాంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండగ. సింగపూర్‌లో సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో ఫార్ములా వన్ రేసు, ఆ వారాంతంలో రూముల రేట్లు ఆకాశంలో ఉంటాయి. ఆ రోజులు తగిలితే పైన నేను చెప్పిన రూమ్ అంకెలు పక్కన పెట్టేసి, మీ తేదీలకి రేట్లు చూసుకున్నాకే మిగతా లెక్కకి కూర్చోండి.