మీటింగులో వినబడని ఉద్యోగికి ఇంటర్‌ప్రెటరా, క్యాప్షన్లా, టైపింగా: ఏది మేలు?

పదిమంది ఉన్న టీములో ఒకరికి వినబడదనుకోండి. ఆఫీసులో వెంటనే వినిపించే మాట ఒకటే: "క్యాప్షన్లు ఉన్నాయిగా, ఆన్ చేసుకుంటే సరి." మాటలను అప్పటికప్పుడు తెరమీద అక్షరాలుగా చూపించే ఈ సదుపాయానికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవతలివాళ్లు ఏమన్నారో దాంతో కొంత తెలుస్తుంది కూడా. కానీ మీటింగంటే వినడం ఒక్కటే కాదు. అందుకే ఇక్కడ ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్నతో తూస్తున్నాం. చర్చ వేడిగా నడుస్తున్నప్పుడు ఆ ఉద్యోగి "ఒక్క నిమిషం, ఈ తేదీకి అది కుదరదు" అని అడ్డుపడగలరా?

ఏ పద్ధతి అన్నది వైకల్య సర్టిఫికెట్ చూసి తేల్చేది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే పాక్షిక వినికిడి ఉన్నవారు. ఈ అంకె రిజర్వేషన్‌కు పనికొస్తుంది, మీటింగుకు పనికిరాదు. పుట్టుకతోనే వినబడక, బధిరుల పాఠశాలలో చదువుకున్న మనిషికి చాలాసార్లు సైగల భాషే మొదటి భాష. తెలుగైనా ఇంగ్లిషైనా తర్వాత నేర్చుకున్నదే. ముప్పయ్యో ఏట జబ్బు చేసి వినికిడి పోయినవారికి సైగలు ఒక్కటీ రాకపోవచ్చు, తెలుగు మాత్రం మనందరిలాగే గడగడా చదువుతారు. సర్టిఫికెట్లో ఇద్దరిదీ ఒకే శాతం ఉండవచ్చు. కాబట్టి చేరిన మొదటి వారంలోనే, పదిమంది ముందు కాకుండా విడిగా అడగండి: "మీకు ఏ భాషలో తేలిగ్గా ఉంటుంది? చదవడమా, సైగలా, వినికిడి మెషిన్ పెట్టుకుని వినడమా?"

క్యాప్షన్లు

చదవడం తేలికైనవారికి, ఒకే మనిషి మాట్లాడే శిక్షణ తరగతులకు, పెద్ద సభలకు క్యాప్షన్లు బాగా పనిచేస్తాయి. విండోస్ 11లో విండోస్, కంట్రోల్, ఎల్ మీటలు కలిపి నొక్కితే కంప్యూటర్లో వచ్చే ఇంగ్లిష్ ఆడియోకు లైవ్ క్యాప్షన్లు వస్తాయి. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ వారి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉంది. అందులో తెలుగు ఉంది. రెండు భాషలు ముందే పెట్టుకుని ఒక్క నొక్కుతో మారవచ్చు.

చిక్కల్లా మన మాటతీరుతోనే. "నిన్నటి టికెట్ క్లోజ్ చేసేశావా, లేక క్లయింట్ ఇంకా అప్రూవ్ చెయ్యలేదా" అంటే ఇంగ్లిష్ మీద పెట్టిన క్యాప్షన్ అందులోని తెలుగు ముక్కలకు దగ్గరగా వినిపించే ఏవో ఇంగ్లిష్ పదాలు తగిలిస్తుంది. తెలుగు మీద పెడితే సాంకేతిక పదాలు చెడతాయి. ఆ మీటింగు వరకు అందరూ ఒకే భాషకు కట్టుబడటమే దీనికి మందు. ఇది చెప్పినంత సులువు కాదు. పది నిమిషాలకే ఎవరో ఒకరు మామూలు ధోరణిలోకి జారిపోతారు. గుర్తుచేసే పని వినబడని ఉద్యోగిది కాదు, మీటింగు నడిపేవారిది.

రెండో లోపం మైకు. ఆరుగురు ఒక గదిలో, బల్ల మధ్యలో ఒకే ల్యాప్‌టాప్ పెట్టుకుంటే, దూరంగా ఉన్నవారి మాట సగం ఎగిరిపోతుంది, ఎవరు మాట్లాడుతున్నారో కూడా తెరమీద తెలియదు. ఒకే గదిలో ఉన్నా సరే, ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్లు హెడ్‌సెట్‌తో చేరితే టీమ్స్ లాంటి మీటింగు యాప్ క్యాప్షన్లలో ప్రతి వాక్యం పక్కన పేరు పడుతుంది. గోల రాకుండా మాట్లాడనివాళ్లు మైకు మ్యూట్‌లో ఉంచాలి.

మూడోది ప్రమాదకరమైనది. క్యాప్షన్లు చిన్న శబ్దాల దగ్గరే తప్పు చేస్తాయి. ఫిఫ్టీన్ ఫిఫ్టీ అవుతుంది, క్యాన్ అన్నా కాంట్ అన్నా ఒకేలా పడుతుంది. వాక్యం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి తప్పు జరిగిందని చదివేవారికి అనుమానం కూడా రాదు. తేదీలు, మొత్తాలు, అవును కాదు అని తేల్చిన నిర్ణయాలు చెప్పినవారే వెంటనే చాట్‌లో టైపు చేయాలి.

ఇక అడ్డుపడటం సంగతి. క్యాప్షన్ రెండు మూడు సెకన్లు వెనక పడుతుంది, చదవడానికి మరికొంత. "ఎవరికైనా సందేహాలా? లేవా? సరే, తర్వాతిది" అని ఒక్క ఊపిరిలో అనేస్తే ఆ ఉద్యోగి చెయ్యెత్తేసరికి విషయం మారిపోయి ఉంటుంది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టి ముందుకు కదలండి. అంతచేసినా మన పరీక్షలో క్యాప్షన్లకు సగం మార్కులే.

"పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే" అని తేల్చేసేవాళ్లకు ఒక చిన్న పని. అద్దం ముందు నిలబడి శబ్దం రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి.

ఇంటర్‌ప్రెటర్

మాటలను సైగల్లోకి, సైగలను మాటల్లోకి మార్చే మనిషే ఇంటర్‌ప్రెటర్. సైగల భాష సొంతమైన ఉద్యోగికి, వాదోపవాదాలు జరిగే మీటింగుకు దీన్ని మించింది లేదు. సైగ చేసిన మరుక్షణం ఇంటర్‌ప్రెటర్ గొంతు గదిలో వినిపిస్తుంది కాబట్టి అడ్డుపడటం కుదురుతుంది. 2023 సెప్టెంబరులో వినబడని న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో ఆన్‌లైన్‌లో హాజరయ్యారు. అక్కడ కుదిరింది టీము పని ప్రణాళిక వేసుకునే స్ప్రింట్ ప్లానింగులో కుదరదనడం సాకే.

అయితే మనుషులు తక్కువ, కనీసం వారం పదిరోజుల ముందు మాట్లాడుకోవాలి. గంట దాటిన మీటింగుకు ఇద్దరు కావాలి. పదిహేను ఇరవై నిమిషాలకొకసారి మారకపోతే అలసట వచ్చి చేతులకంటే ముందు అర్థం జారిపోతుంది. మాట్లాడుకునేటప్పుడు చాలామంది మరిచే ప్రశ్న: "మీకు మాట్లాడే తెలుగు అర్థమవుతుందా?" ఢిల్లీ నుంచి వీడియోలో చేరిన ఇంటర్‌ప్రెటర్‌కు భారతీయ సైగల భాష, హిందీ, ఇంగ్లిష్ అద్భుతంగా వచ్చి ఉండవచ్చు. టీము తెలుగులోకి దిగగానే ఆ చేతులు ఆగిపోతాయి. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి లోపం ఉన్నవారి కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వాకబు చేయవచ్చు. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువులో 10,000కు పైగా పదాలున్నాయి. అయినా మీ కంపెనీ ప్రాజెక్టు పేర్లకు, పొట్టిపేర్లకు అందులో సైగలుండవు. స్లైడ్లు, మాట్లాడేవారి పేర్లు, పొట్టిపేర్ల జాబితా రెండురోజుల ముందే పంపకపోతే ఒక్కో పేరునూ అక్షరం అక్షరంగా వేళ్లతో చూపాల్సి వచ్చి అసలు మాట వెనకబడుతుంది.

కుర్చీల దగ్గర జరిగే తప్పు మరొకటి. ఇంటర్‌ప్రెటర్‌ను ఉద్యోగి పక్కన కూర్చోబెడతారు, సాయానికి వచ్చిన బంధువులా. ఉండాల్సింది ఎదురుగా, మాట్లాడేవారి పక్కన. అప్పుడే ఇంటర్‌ప్రెటర్, మాట్లాడే మనిషి, తెర మూడూ ఒక్క చూపులో పడతాయి. వెనక కిటికీ ఉంటే వెలుగుకు ముఖం నల్లగా కనిపిస్తుంది. సైగల భాషలో ప్రశ్నో కాదో చెప్పేది కనుబొమలే కాబట్టి ముఖం కనిపించకపోతే సగం వ్యాకరణం పోయినట్టే. ఆన్‌లైన్‌లో అయితే స్లైడు షేర్ చేయగానే ఇంటర్‌ప్రెటర్ వీడియో తపాలా బిళ్లంత అయిపోతుంది. టీమ్స్‌లోనూ జూమ్‌లోనూ సైగల భాష కోసం ప్రత్యేక వ్యూ ఉంది, ముందురోజే పెట్టి చూసుకోండి. లేదంటే రెండో తెర ఇవ్వండి.

మాట్లాడేటప్పుడు చూపు ఉద్యోగి మీదే ఉండాలి. "ఆయన్ని అడగండి, పూర్తయిందా అని" కాదు, "పూర్తయిందా అండీ?"

టైపింగ్

ఇందులో రెండు రకాలున్నాయి, వాటి మధ్య తేడా భూమ్యాకాశాలంత. పక్క సీటు సహోద్యోగి మీటింగు వింటూ ముఖ్యాంశాలు టైపు చేసి చూపించడం మొదటిది. అన్నిటికంటే నాసిరకం. టైపు చేసేవారు తమ మాట చెప్పలేరు, ఏది ముఖ్యమో వాళ్లే తేలుస్తారు, అందరూ నవ్విన చోట "ఏం లేదు, తర్వాత చెప్తా" అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

మీటింగు మొత్తం రాతలోనే నడపడం రెండోది. ముగ్గురు నలుగురు పని ఎంతవరకొచ్చిందో చెప్పుకునే రోజువారీ స్టాండప్‌కు ఇదే అన్నిటికన్నా మేలని మా అభిప్రాయం. ఒకే షేర్డ్ డాక్యుమెంట్‌లో నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగింది అని ఎవరిది వాళ్లు రాస్తారు. వినబడేవాళ్లు కూడా అక్కడే టైపు చేస్తారు కాబట్టి ఎవరూ వెనకబడరు. రాత భాష రెండో భాష అయినవారికి ఇది కొంత భారం. అలాంటప్పుడు వాళ్లు చిన్న సైగల వీడియో పెట్టే వీలుండాలి, దాన్ని మిగతావాళ్లకు మాటల్లోకి మార్చే మనిషీ ఉండాలి.

వినికిడి మెషిన్ వాడేవారికి వీటన్నిటికంటే ముందు చేయాల్సిన చవక పనులున్నాయి. మెషిన్ దగ్గరి మాటను బాగా అందిస్తుంది, మూడు మీటర్లు దాటితే ఏసీ హోరును కూడా మాటతోపాటే పెంచుతుంది. మెషిన్‌కు నేరుగా కలిసే చిన్న వైర్‌లెస్ మైకు ఉంటే, దాన్ని మాట్లాడేవారు నోటికి జానెడు కింద చొక్కాకు తగిలించుకోవాలి. మాట్లాడే మనిషి మారినప్పుడల్లా అది చేతులు మారాలి.

క్యాప్షన్ల మంచిచెడ్డలు ఇంకొందరి మీదా పడతాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉన్నవారు మీటింగయ్యాక ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మాటల రాతప్రతి తిరగేసుకుంటారు. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్నవారికి పరుగెత్తే రెండు వరుసలు చదవడం కష్టం, నిలకడగా ఉండే రాత కావాలి. ఆటిజం ఉన్న కొందరికి కదిలే అక్షరాలే చికాకు. అందుకే గదిలోని పెద్ద తెరమీద కాక, కావలసినవారు తమ తెరమీద పెట్టుకోవడం మంచిది.

మా లెక్క ఇది: రోజువారీ స్టాండప్‌కు రాత, శిక్షణకు క్యాప్షన్లు, ప్లానింగుకూ గొడవలు తేల్చే మీటింగులకూ సైగలు వచ్చినవారికి ఇంటర్‌ప్రెటర్. సైగలు రానివారైతే క్యాప్షన్లతోపాటు మాట్లాడే వంతులు పిలిచే ఒక మనిషి. దీన్ని కంపెనీ సమాన అవకాశాల విధానంలో రాసిపెట్టాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు ఇలాంటి ఉద్యోగుల కోసం ఒక లియెజాన్ ఆఫీసర్‌ను (వారి వ్యవహారాలు చూసే అధికారిని) పెట్టి, ఆ సంగతి విధానంలో చూపాలని దివ్యాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నియమాలు చెబుతున్నాయి. ఇంటర్‌ప్రెటర్‌ను పిలిచే పని, బిల్లు కట్టే పని ఆ అధికారి చేతిలో పెడితే ప్రతిసారీ మేనేజర్‌ను బతిమాలే పని ఉండదు.

అప్రైజల్, జీతం, ఫిర్యాదు మీద విచారణ మాత్రం వేరు. అక్కడ క్యాప్షన్ తప్పుకు చోటు లేదు, నాలుగు సైగలు వచ్చిన సహోద్యోగినో ఇంటివాళ్లనో కూర్చోబెట్టకూడదు. బయటి ఇంటర్‌ప్రెటర్‌ను పిలవాలి, ఎవరన్నది ఉద్యోగే ఎంచుకోవాలి, గోప్యత పత్రం మీద ముందే సంతకం తీసుకోవాలి. సైగలు రాని ఉద్యోగైతే ఆ సమావేశం మొత్తం టైపింగులోనే జరిపి, ముగిసిన వెంటనే ఆ రాత ప్రతి ఒకటి వారి చేతికివ్వాలి.