మతిమరుపు మొదలైతే ఏది మేలు: స్కానా, న్యూరోసైకాలజీ పరీక్షలా?

"ఎమ్మారైలో ఏమీ లేదన్నారు కదండీ, మరి గంటల తరబడి ఈ ప్రశ్నలూ బొమ్మలూ దేనికి?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. దీన్నే తిరగేసి అడిగేవాళ్ళూ ఉన్నారు: "పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి, ఇంక స్కాన్ ఎందుకు?" ప్రశ్నలడిగి, బొమ్మలు గీయించి, జ్ఞాపకశక్తీ ఆలోచనా ఎలా పనిచేస్తున్నాయో చూసేవే న్యూరోసైకాలజీ పరీక్షలు. రెండూ సబబైన ప్రశ్నలే. ఖర్చుంది, టైము పడుతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి కూర్చుని మొత్తం రాయడమే నయమనిపించింది.

ముందు పేచీ లేని సంగతి. మార్పు ఉన్నట్టుండి వస్తే స్కానే ముందు. మాట ముద్దముద్దగా రావడం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, కొత్తగా ఫిట్స్ రావడం, తలకి దెబ్బ తగలడం, నిన్నమొన్నటిదాకా బాగున్న మనిషి అయోమయంగా మాట్లాడటం... ఇలాంటప్పుడు పదాల జాబితాలు అప్పజెప్పించుకుంటూ కూర్చోకూడదు. పెద్దవాళ్ళ విషయంలో ఇంకోటి కూడా ఉంది. తలకి తగిలింది చిన్న దెబ్బే అయినా, మెదడు పైపొరల మధ్య రక్తం కొద్దికొద్దిగా చేరి, కొన్ని వారాల తరవాత అచ్చం డిమెన్షియాలాగే కనిపించవచ్చు. దాన్ని స్కాన్ పట్టిస్తుంది, సకాలంలో తెలిస్తే వైద్యం ఉంటుంది. నడక తడబడుతూ, మూత్రం ఆపుకోలేకపోతూ, దాంతోపాటు మతిమరుపు కూడా ఉంటే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. అదీ స్కాన్ పనే.

అసలు తికమక నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే మతిమరుపు దగ్గర వస్తుంది. చెప్పిందే చెప్పడం, అడిగిందే అడగడం, స్టవ్ ఆపడం మర్చిపోవడం. వయసు మీదపడి వచ్చిందా, డిప్రెషన్ వల్లా, లేక అల్జీమర్స్ మొదలవుతోందా? ఇక్కడ స్కాన్ ఒక్కటే చూసుకుని గుండెల మీద చెయ్యి వేసుకోవడం గానీ, దాన్ని చూసి బెంబేలెత్తడం గానీ సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఒకప్పుడు ఇప్పటి స్కాన్ పనిని కూడా ఈ పరీక్షల చేతే చేయించేవాళ్ళు. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగికి సీటీ స్కాన్ తీశారు. అంతకుముందు గడ్డ మెదడుకి కుడివైపు ఉందా, ఎడమవైపు ఉందా, ముందు భాగంలోనా వెనకా అన్నది అంచనా వెయ్యడానికి డాక్టర్లు న్యూరోసైకాలజిస్టుల సాయం కూడా తీసుకునేవాళ్ళు. సీటీ, ఆ తరవాత ఎమ్మారై వచ్చాక ఆ పని దాదాపు పోయింది. అయినా ఈ శాస్త్రం మూలన పడలేదు. ఇంటి ప్లాను చూసి ఆ ఇంట్లో కాపురం ఎలా సాగుతోందో చెప్పలేం. స్కాన్ చూపించేది ప్లాను. ఈ పరీక్షలు ఆ కాపురాన్ని చూస్తాయి.

ఈ రంగంలో అందరికీ తెలిసిన రోగి హెన్రీ మొలైసన్ కథ ఈ తేడాని బాగా చూపిస్తుంది. మూర్ఛ తగ్గుతుందని 1953లో, ఆయనకి 27 ఏళ్ళప్పుడు, కణతల లోపలి మెదడు భాగాన్ని రెండు వైపులా తీసేశారు. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కావలసిన హిప్పోకాంపస్ అనే భాగంలో చాలావరకు పోయింది. 1955లో బ్రెండా మిల్నర్ అనే న్యూరోసైకాలజిస్టు పరీక్షిస్తే ఆయన ఐక్యూ 112. ఆపరేషన్‌కి ముందు 104 ఉన్నది కాస్త పెరిగింది కూడా. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం 67. ఇందులో సగటు 100 అనుకుంటే ఆయన ఎంత కిందకి పడిపోయారో చూడండి. తెలివి చెక్కుచెదరలేదు, కొత్త జ్ఞాపకం మాత్రం నిలవడంలేదు. అంతేకాదు, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ అంచు వెంట గీయమంటే రోజురోజుకీ తప్పులు తగ్గాయి. కానీ ఆ పని అంతకుముందు చేసినట్టే ఆయనకి గుర్తులేదు. చేతికి వచ్చే నేర్పు వేరు, మనసులో నిలిచే జ్ఞాపకం వేరు అని అలా తేలింది. ఆయన మెదడుకి ఎమ్మారై తీసింది 1990ల్లో. తీసేసిన భాగం సర్జన్ చెప్పిన 8 సెంటీమీటర్లు కాదు, 5 దాకానే అని అప్పుడు తెలిసింది. ఆ కొలత స్కానే ఇవ్వగలదు. కానీ ఆ మనిషి దేన్ని పోగొట్టుకున్నాడో, దేన్ని నిలుపుకున్నాడో దాదాపు నలభై ఏళ్ళ ముందే కాగితం, పెన్సిలు, అద్దం చెప్పేశాయి.

దీనికి అటువైపు కూడా చూడాలి. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద ఏళ్ళ తరబడి ఒక అధ్యయనం జరిగింది. వాళ్ళలో 101 ఏళ్ళు బతికిన ఒకామె చివరిదాకా పరీక్షల్లో మంచి మార్కులే తెచ్చుకుంది. చనిపోయాక మెదడు చూస్తే అల్జీమర్స్ మచ్చలూ ముడులూ దండిగా ఉన్నాయి. మెదడులో జబ్బు ఉండి కూడా మనిషి నడవడిలో కనబడకపోవచ్చు. కాబట్టి "మెదడు కుంచించుకుపోయింది" అని రిపోర్టులో కనబడగానే, ఎదురుగా కూర్చున్న మనిషి ఎలా ఉన్నారో చూడకుండా నిర్ణయానికి రాకూడదు.

ఇప్పుడు నా దృష్టిలో అసలు తేల్చే విషయం. చాలామంది న్యూరోసైకాలజీ పరీక్షని స్కూలు పరీక్షలా చూస్తారు: ఎన్ని మార్కులు, పాసా ఫెయిలా. మార్కు కన్నా ముఖ్యమైంది తప్పు ఎలా జరిగిందన్నది. స్కాన్‌లో దొరకనిదీ, పరీక్షలో దొరికేదీ అదే.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. 15 మాటలు చదివి వినిపించి, గుర్తున్నవి చెప్పమంటారు. అవే మాటలు మళ్ళీ మళ్ళీ, మొత్తం ఐదుసార్లు వినిపిస్తారు. మధ్యలో వేరే 15 మాటల జాబితా ఒకటి పెట్టి కాస్త గందరగోళపరుస్తారు. ఓ అరగంట వేరే పనులు చేయించి, "ఇందాకటి మొదటి జాబితాలో మాటలు చెప్పండి" అంటారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఈ పరీక్ష రాశారనుకోండి. అరగంట తరవాత ఇద్దరికీ మూడే గుర్తొచ్చాయి. మార్కు ఒకటే. కానీ మొదటాయన ఐదోసారికి 11 మాటలు చెప్పారు. చివర్లో ఒక్కో మాటా చదివి "ఇది ఉందా, లేదా?" అని అడిగితే దాదాపు అన్నీ సరిగ్గా గుర్తుపట్టారు. అంటే మాట లోపలికి వెళ్ళింది, పైకి తేవడమే కష్టంగా ఉంది. డిప్రెషన్, నిద్రలేమి, మెదడులోని సన్న రక్తనాళాల జబ్బు ఇలాంటి తీరు చూపించడం మామూలే.

రెండో ఆవిడ ఐదోసారికి కూడా 5 దాటలేదు. చెప్పినవి కూడా ఎక్కువగా జాబితా చివరివే, అప్పుడే చెవిన పడ్డవి. అరగంట తరవాత చెప్పిన వాటిలో జాబితాలో లేని మాటలు కలిశాయి. "ఉందా, లేదా?" అంటే లేనివాటికి కూడా "ఉంది, ఉంది" అన్నారు. పండు పేరు, పనిముట్టు పేరు అని అందించినా ఫలితం లేదు. ఇక్కడ మాట లోపల నిలవనేలేదు. హిప్పోకాంపస్ దెబ్బతిన్న తీరు ఇలా ఉంటుంది, అల్జీమర్స్ తొలిదశలో తరచు కనిపించేదీ ఇదే. ఈ ఒక్క పరీక్షతో జబ్బు పేరు పెట్టరు, పెట్టకూడదు. కానీ ఈ ఇద్దరి ఎమ్మారై రిపోర్టులూ పక్కపక్కన పెడితే రెండింట్లోనూ "వయసుకు తగ్గ మార్పులు" అనే ఉండొచ్చు. ఆయన ఇంటివాళ్ళకి చెప్పాల్సిందీ, ఆవిడ ఇంటివాళ్ళకి చెప్పాల్సిందీ మాత్రం ఒకటి కాదు.

బొమ్మల దగ్గరా అంతే. ఎరుపూ తెలుపూ దిమ్మెలిచ్చి కార్డు మీది నమూనాలా పేర్చమంటారు. మెదడు కుడివైపు దెబ్బతిన్నవాళ్ళ చేతిలో తరచు ఆ చతురస్రపు ఆకారమే చెదిరిపోతుంది. ఎడమవైపు దెబ్బతిన్నవాళ్ళు బయటి ఆకారం నిలబెట్టి లోపలి వివరం తప్పుతారు. ఇద్దరికీ సున్నాయే. ఎడిత్ కాప్లన్ అనే న్యూరోసైకాలజిస్టు పట్టుబట్టి చెప్పింది ఇదే: సున్నా రాసి ఊరుకోవద్దు, చెయ్యి ఎలా కదిలిందో రాయండి అని. మంచి పరీక్షకుల పక్కన గడియారంతో పాటు ఒక నోట్సు కూడా ఉంటుంది. ఎక్కడ ఆగారు, ఏది చెరిపారు, తప్పు చేశాక తమంతట తాము గమనించారా లేదా అన్నీ అందులో ఉంటాయి.

పరీక్షలకీ లోపాలున్నాయి, పెద్దవే. స్కాన్ మెషీన్‌కి మీరు ఎంత చదువుకున్నారో అక్కర్లేదు. పరీక్షకి అది కావాలి. బడి మొహం చూడని మనిషి పెన్సిలు పట్టుకోవడానికే ఇబ్బంది పడతారు. వాళ్ళ మార్కుని డిగ్రీ చదివినవాళ్ళ మార్కులతో పోలిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది. బాగా చదువుకుని, జీవితమంతా బుర్రతో పని చేసినవాళ్ళ విషయంలో దీనికి తలకిందులు. ఉన్నదాంట్లో చాలా జారిపోయినా సగటు మార్కు తెచ్చేసుకుంటారు, "నార్మల్" అని రాసేస్తారు. సొంత భాషలో కాక వేరే భాషలో పరీక్ష పెట్టినా, చెవులు సరిగ్గా వినపడకపోయినా, రాత్రి నిద్ర లేకపోయినా ఫలితం చెడుతుంది.

ఇంకో లోపం మరీ లోతైంది. పరీక్ష గది ప్రశాంతంగా ఉంటుంది, ఏం చెయ్యాలో ఎదుటివాళ్ళు చెబుతారు. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్ళకి పోయేది సరిగ్గా ఆ పనే: ఏం చెయ్యాలో తమంతట తాము నిర్ణయించుకోవడం. 1985లో ఎస్లింగర్, డమాసియో అనే పరిశోధకులు వివరించిన ఒక రోగి అకౌంటెంట్. గడ్డ తీసేశాక పరీక్షలన్నిట్లో మంచి మార్కులొచ్చాయి, ఉద్యోగమూ కాపురమూ మాత్రం నిలవలేదు. 1991లో షాలిస్, బర్జెస్ అనే మరో ఇద్దరు పరిశోధకులు అలాంటి ముగ్గురు రోగులకి చిన్నచిన్న పనుల చీటీ ఇచ్చి బజారుకి పంపితే, గదిలో కనబడని ఇబ్బంది అక్కడ బయటపడింది. అందుకే మార్కులు ఎంత బాగున్నా "ఇంట్లో ఎలా ఉంటున్నారు?" అని దగ్గరివాళ్ళని విడిగా అడగని న్యూరోసైకాలజిస్టు రిపోర్టుని నేను పూర్తిగా నమ్మను.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. 30 మార్కుల చిన్న పరీక్ష పెద్ద పరీక్ష అవసరమా కాదా తేల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. ఫోన్‌లో ఆడే మెదడు ఆటల స్కోర్లతో జబ్బు తేల్చలేం. పని చేస్తున్నప్పుడు మెదడు ఎక్కడ వెలుగుతోందో చూపే ఫంక్షనల్ ఎమ్మారై పరిశోధనకీ, ఆపరేషన్ ముందు మాటని నడిపే భాగం మెదడులో ఎటువైపు ఉందో చూడటానికీ సరే, ఒక మనిషి మతిమరుపు తేల్చడానికి కాదు. అమైలాయిడ్ పెట్ స్కాన్ అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రొటీన్ ఉందో లేదో చెబుతుంది, దాన్ని తొలగించే మందు ఆలోచిస్తున్నప్పుడు దానికి విలువ ఉంది.

మూర్ఛకి ఆపరేషన్ అయితే ఏది మేలన్న ప్రశ్నే లేదు, రెండూ కావాలి. తియ్యబోయే భాగం స్కాన్‌లో బాగానే ఉండి, ఆ వైపు జ్ఞాపకశక్తి కూడా బాగా పనిచేస్తుంటే, ఆపరేషన్ తరవాత పోయేది ఎక్కువ. సంతకం పెట్టేముందు ఆ సంగతి రోగికి తెలియాలి.

మెల్లగా వచ్చే మతిమరుపుకి నేను చెప్పే వరస ఇది. ముందు డాక్టరు దగ్గర బి12, థైరాయిడ్ లాంటి రక్త పరీక్షలు, వాడుతున్న మందుల మీద ఒక చూపు. ఒక్కసారి ఎమ్మారై, కుదరకపోతే సీటీ. ఆ తరవాత పూర్తి న్యూరోసైకాలజీ పరీక్ష. ఏడాది గడిచాక ఏది మళ్ళీ చేయించాలంటే, డాక్టరు ప్రత్యేకంగా కారణం చూపితే తప్ప, నా ఓటు పరీక్షకే. ఇతరులతో పోల్చేకంటే నిరుటి తనతో తనని పోల్చడం ఎంతో నమ్మదగ్గది. చదువు తేడా, భాష తేడా అప్పుడు చాలావరకు పక్కకి తప్పుకుంటాయి. కానీ మరీ తొందరగా చేయించకండి. పాత మాటలు, పాత బొమ్మలు గుర్తుండి మార్కులు ఊరికే పెరుగుతాయి. రెండోసారి వేరే మాటల జాబితా వాడమని అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక మొత్తం మార్కు దగ్గర ఆగిపోకండి. "కొత్తది నేర్చుకోలేకపోయారా, నేర్చుకుని మర్చిపోయారా, లేక గుర్తుచేస్తే చెప్పగలిగారా?" అని అడగండి. దీనికి సూటిగా జవాబు రాని రిపోర్టుతో సరిపెట్టుకోవద్దు. పరీక్ష రోజున కళ్ళజోడు, వినికిడి మెషీన్, మందుల చీటీ మర్చిపోకుండా తీసుకెళ్ళండి. ముందురోజు ఇంట్లో ప్రాక్టీసు చేయించకండి. పరీక్ష గదిలో పక్కన కూర్చోనిచ్చినా, నాన్నగారు తడబడుతుంటే జాలేసి జవాబు అందించకండి. ఆయన ఎక్కడ తడబడుతున్నారో చూడటానికే కదా వచ్చింది.