300 సీసీనా, 1000 సీసీనా?

300 సీసీ బైకు ఎక్కితే ‘అమ్మాయిల బండి’ అంటారు, 1000 సీసీ ఎక్కితే మగతనం అంటారు. ఇంజనుకు ఇలా లింగం అంటగట్టడం నాకు ఏమాత్రం నచ్చదు.

పెద్ద బండి బలం హైవే మీద తెలుస్తుంది. వెనక మనిషి, సామాను ఉన్నా వేగం తగ్గదు. కానీ ఇరుకు సందులో వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ 200 కిలోల బరువు ఎవరికైనా పరీక్షే.

చిన్న బండి తేలిక. క్లచ్, బ్రేకు, మలుపులో వంగడం దీని మీదే చక్కగా అబ్బుతాయి. బైక్ రేసర్ మార్క్ మార్కెజ్ తొలి ప్రపంచ టైటిల్ (2010) 125 సీసీ తరగతిలోదే. అది మగవాళ్ల గెలుపు కాకుండా పోయిందా? 2018లో చిన్న బైకుల రేసింగ్ పోటీ అయిన సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ టైటిల్‌ను మహిళా రేసర్ ఆనా కరాస్కో మగవాళ్లతో పోటీపడి గెలిచారు.

నగరంలో రోజూ తిరిగేవారికి, ఆడవారైనా మగవారైనా, నేను చిన్నదే సూచిస్తాను. ఇద్దరు కలిసి తరచూ దూరాలు వెళ్తుంటే మాత్రం పెద్దదే తీసుకోండి.