మా మనవడి ప్లేస్కూల్: నాలుగు స్టార్లు, ఒకటి కోత

వాడికి నాలుగేళ్లు. ఆటిజం. మాట ఇంకా రాలేదు గానీ మనం అనేవన్నీ అర్థమవుతాయి. అల్వాల్‌లో మా కాలనీ ప్లేస్కూల్లో నర్సరీ. దింపేదీ తెచ్చేదీ నేనే. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ని, వేరే పనేముంది, కిటికీ అవతల అరుగు మీద కూర్చుని లోపలికి చూస్తుంటాను.

అంతకుముందు వేసిన బళ్లో ఒక ఆయాను వాడికి కాపలా పెట్టారు. ఆమె వాణ్ణి కదలనివ్వదు, మిగతా పిల్లలు దగ్గరికి రారు. ఇక్కడ టీచరమ్మ వాణ్ణి విడిగా కూర్చోబెట్టకుండా క్లాసునే మార్చేసింది. గోడకు వెల్క్రో పట్టీ, దాని మీద వరుసగా బొమ్మల కార్డులు: చెప్పులు విప్పడం, పాట, టాయిలెట్, టిఫిన్ డబ్బా, జారుడుబండ. ఒక పని అవగానే ఎవరో ఒకరు లేచి ఆ కార్డు పీకి బుట్టలో వేస్తారు. మిగతా పిల్లలకు అదో సరదా. మావాడికి మాత్రం తర్వాతేంటో తెలియకపోతే నేల మీద పడి దొర్లడమే. మొన్న తన వంతు వచ్చేసరికి నేరుగా జారుడుబండ కార్డు మీద చెయ్యేశాడు. పక్కనున్న పిల్ల ఆ చెయ్యి పట్టుకుని డబ్బా కార్డు మీద పెట్టి, "ఫస్ట్ ఇది రా" అంది. పీకాడు!

గంట మోగితే చెవులు మూసుకుంటాడని గంటే మానేశారు. టీచరమ్మ పాట ఎత్తుకుంటే బొమ్మలు సర్దాలని అందరికీ తెలుసు. డబ్బాలో రోజూ పెరుగన్నమే అయినా, "అదే తిననివ్వండి తాతగారూ" అంటుంది. బోయిన్‌పల్లి ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే సంస్థ) థెరపిస్టు రాసిచ్చిన కాగితం ఇస్తే, అర్థం కానిచోట గీతలు గీసి, అడిగి రమ్మని నాకే తిప్పి ఇచ్చింది.

ఇక కోసిన స్టారు మేనేజ్‌మెంట్‌ది. ఈ ఏడు రసీదులో 'స్పెషల్ సపోర్ట్' అని అదనంగా వేశారు. టికెట్టుకు లెక్క చెప్పి బతికినవాణ్ణి కదా, దేనికని అడిగాను. కొత్తగా ఆయా రాలేదు, ఆ కార్డులేమో టీచరమ్మే సొంత డబ్బుతో లామినేషన్ చేయించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. కానీ ఉచిత చదువు హక్కు 6 నుంచి 18 ఏళ్ల వాళ్లకే. అంగన్‌వాడీలకైతే 2023లో దివ్యాంగ పిల్లల కోసం కేంద్రం ప్రోటోకాల్, అంటే ఏం చేయాలో చెప్పే మార్గదర్శకాలు, ఇచ్చింది. ప్రైవేటు నర్సరీలో నాలుగేళ్లవాడి తరఫున నేను ఏ కాగితం చూపించి కొట్లాడాలి?

ఆటస్థలానికి మెట్లున్నాయి, ర్యాంపు లేదు. వాకర్‌తో నడిచే పాపను ఆయా ఎత్తుకుని దించుతోంది. పాప బరువెక్కుతోంది, ఆయాకు నడుం నొప్పి.

చేర్చాలనుకునేవాళ్లు ఆఫీసు రూములో బ్రోచరు చూసి వచ్చేయకండి. డబ్బాలు తెరిచే వేళకు క్లాసు గుమ్మం దగ్గర నిలబడండి. ఈ టీచరమ్మ వచ్చే ఏడు ఉంటుందా అని కూడా అడగండి. నేను అడిగితే, "చూద్దాం సార్" అన్నారు.