పాటల మిక్సింగ్ పెట్టెతో ఎయిర్‌బస్: నాబ్‌లకు దండం, స్లైడర్లతో పైలం

కంప్యూటర్ ఆటలో విమానాన్ని పైకీ కిందకీ, పక్కలకీ వంచడానికి నా దగ్గర మామూలు జాయ్‌స్టిక్ ఉంది. దాని పని అది చేస్తోంది, దాని గురించి రాయడానికేం లేదు. రాస్తున్నది దాని పక్కన పెట్టుకున్న మిడీ కంట్రోలర్ గురించి. పాటలు మిక్స్ చేసేవాళ్ళు వాడే చిన్న పెట్టె అది: కొన్ని నాబ్‌లు, కింద బటన్లు, పక్కన స్లైడర్లు. పెళ్ళి వీడియోలకు మ్యూజిక్ కలిపే ఒకాయన పెద్దది కొనుక్కుని దీన్ని వదిలించుకుంటుంటే సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. అప్పట్నుంచీ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఏ320 నడిపేటప్పుడు కుడి చెయ్యి జాయ్‌స్టిక్ మీద, ఎడమ చెయ్యి దీని మీద.

మౌస్‌తో ఆటోపైలట్ వాడినవాళ్ళకి నా బాధ చెప్పక్కర్లేదు. హెడింగ్ (విమానం వెళ్ళాల్సిన దిశ) నాబ్ మీద పాయింటర్ పెట్టి వీల్ తిప్పాలి. విమానం కాస్త ఊగి పాయింటర్ నాబ్ మీద నుంచి ఇంత పక్కకి జరిగిందంటే చాలు, వీల్ తిప్పితే హెడింగ్ బదులు కెమెరా జూమ్ అవుతుంది. దిశ మారుద్దామనుకుంటే మనం సీటుతో సహా వెనక్కి పోతాం. అప్రోచ్‌లో, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చేటప్పుడు, రెండుసార్లు ఇలా అయితే ఇక ఆ రోజుకి మూడ్ పోయినట్టే.

నాబ్‌లన్నీ ఒకటి కావు, నా సంతోషమంతా ఇక్కడే ఉంది. కొన్ని కంట్రోలర్లలో నాబ్‌లు గ్యాస్ స్టవ్ మీది నాబ్‌లాంటివి. ఒక చోట మొదలై ఒక చోట ఆగిపోతాయి. 1983లో వచ్చిన మిడీ పద్ధతిలో అలాంటి నాబ్ పంపేది 0 నుంచి 127 వరకు ఒక అంకె, అంతే. దిక్కులేమో 360 డిగ్రీలు. 128 మెట్ల మీద వాటిని పరిస్తే ఒక్కో మెట్టుకి దాదాపు 2.8 డిగ్రీలు. 091 కావాలంటే 090 దగ్గరో 093 దగ్గరో ఆగుతుంది. నా పెట్టెలోవి అలా కాదు, ఎంత తిప్పినా తిరుగుతూనే ఉండే రకం. పైగా రిలేటివ్ మోడ్‌లో పెడితే తాము ఎక్కడ ఉన్నామో చెప్పవు, ‘ఒక మెట్టు కుడికి’, ‘ఒక మెట్టు ఎడమకి’ అని మాత్రమే చెప్తాయి. టక్ అంటే ఒక డిగ్రీ. ఎత్తు నాబ్‌కి టక్ అంటే వంద అడుగులు. చూడకుండానే వేళ్ళతో లెక్కపెట్టుకోవచ్చు.

ఇంకో అదృష్టం, ఈ నాబ్‌లు నొక్కితే బటన్‌లా పనిచేస్తాయి. ఎయిర్‌బస్‌లో హెడింగ్ నాబ్ లోపలికి నొక్కితే విమానం కంప్యూటర్‌లో ఎక్కించిన దారి పట్టుకుంటుంది, బయటికి లాగితే మన మాట వింటుంది. నొక్కడం అచ్చంగా కుదిరింది. లాగడానికి వీల్లేదు కాబట్టి నాబ్ కింద ఉన్న బటన్‌కి ఆ పని ఇచ్చాను. కొన్నాళ్ళకి చేతికి అలవాటైపోయింది.

చలికాలంలో ఒక రాత్రి దీని విలువ బాగా తెలిసింది. తిరుపతి నుంచి శంషాబాద్ వస్తున్నాను, తూర్పుగాలి, 09 రన్‌వే మీద, అంటే తూర్పుముఖంగా దిగుతున్నారు. వ్యాట్‌సిమ్‌లో (నాలాంటివాళ్ళే పైలట్లుగా, కంట్రోలర్లుగా కలిసి ఆడే ఆన్‌లైన్ నెట్‌వర్క్) అప్రోచ్ కంట్రోలర్ ఉన్నాడు, ట్రాఫిక్ కూడా బాగానే ఉంది. నేను దక్షిణం పక్కన డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి వ్యతిరేకంగా వెళ్ళే దారి) ఉండగా ఒకే ఊపిరిలో మూడు పనులు చెప్పాడు: కుడికి హెడింగ్ 360, ఎత్తు 5000, స్పీడ్ 180. మౌస్ రోజుల్లో అయితే స్పీడ్ దగ్గరికి వచ్చేసరికి హెడింగ్ ఎంతన్నాడో మర్చిపోయేవాణ్ణి. ఆ రాత్రి అతను చెప్తుంటే చెయ్యి తిప్పుతూనే ఉంది, నేను తిరిగి చదివి వినిపించేసరికి మూడూ సెట్ అయిపోయాయి. కళ్ళు అంతసేపూ స్పీడ్, ఎత్తు చూపించే స్క్రీన్ మీదే ఉన్నాయి. తర్వాత కుడికి 060, లోకలైజర్ (రన్‌వేకి సూటిగా తెచ్చే రేడియో సిగ్నల్) పట్టుకో అన్నాడు. అదీ అంతే. జాయ్‌స్టిక్ కొన్నప్పుడు కూడా ఇంత సంబరపడలేదు.

సెటప్ గురించి పెద్దగా చెప్పను. సిమ్యులేటర్‌కి మిడీ నేరుగా తెలియదు, మధ్యలో ఒక ప్రోగ్రాం ఉండాలి. నేను ఉచితంగా దొరికే మోబీఫ్లైట్ వాడుతున్నాను. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని. ఒక్క చికాకు ఏంటంటే, మా వాడు కీబోర్డ్ ప్రాక్టీసు చేసుకునే మ్యూజిక్ ప్రోగ్రాం మూయకుండా వెళ్ళిపోతే నా పెట్టె దానికే అతుక్కుని ఉంటుంది, సిమ్యులేటర్‌కి కనిపించదు. ఒకసారి ఒక్కరికే దొరుకుతుందన్నమాట.

ఇక స్లైడర్ల సంగతి. మొదట్లో వీటినీ ఆకాశానికెత్తాను, తెలిసినవాళ్ళకి చూపించి మరీ. నాలుగున్నాయి కదా అని ఒకదానికి థ్రాటిల్ (ఇంజిన్ పవర్), ఒకదానికి ఫ్లాప్స్ (నెమ్మదిగా ఎగరడానికి రెక్కల వెనక దించే పలకలు), ఒకదానికి స్పీడ్ బ్రేక్ (వేగం తగ్గించడానికి రెక్కల మీద లేచే పలకలు) ఇచ్చాను. ఎయిర్‌బస్ థ్రాటిల్‌లో ఐడిల్ (అతి తక్కువ పవర్), క్లైంబ్ (పైకెక్కేటప్పటి పవర్), టోగా (పూర్తి పవర్) అని గాడులుంటాయి. స్లైడర్‌కి గాడి ఉండదు కాబట్టి క్లైంబ్ దగ్గర ఇన్సులేషన్ టేప్ సన్నగా కోసి అంటించాను, గోటికి తగిలేలా. చాలా రోజులు బాగా నడిచింది.

ఎండలు ముదిరాక ఒక రాత్రి, శంషాబాద్‌లోనే, చివరి ఇరవై అడుగులు. విమానం గొంతు ‘రిటార్డ్, రిటార్డ్’ అంటోంది. అంటే థ్రాటిల్ ఐడిల్‌కి లాగమని. లాగాను. స్లైడర్ అడుగుకి వచ్చింది, ఇంజిన్లు మాత్రం ఒక్కసారి గర్జించాయి. టోగా! ఫ్లాప్స్ దించి ఉన్నాయి కాబట్టి విమానం దృష్టిలో నేను గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెళ్ళడం, అడిగినట్టే, ముక్కు పైకెత్తమని చూపిస్తోంది. మళ్ళీ తోసి లాగాను. ఐడిల్. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ టోగా. కింద రన్‌వే దీపాలు పోతూనే ఉన్నాయి. చివరికి పెట్టె వైరు పీకేసి, కీబోర్డ్ మీద ఎఫ్1 కొడితే గానీ ఇంజిన్లు శాంతించలేదు. రన్‌వే పొడవు 4,260 మీటర్లు కాబట్టి సరిపోయింది. నేను ఎంత గట్టిగా అరిచానో గానీ లోపలి గదిలోంచి మా ఆవిడ వచ్చింది.

“ఏమైందండీ?”

“విమానం దిగనంటోంది.”

“రేపు దింపుదురు గానీ, పడుకోండి.”

మర్నాడు మోబీఫ్లైట్‌లో వచ్చే అంకెలు చూస్తూ స్లైడర్ మెల్లగా జరిపాను. 40, 30, 20 వరకు బుద్ధిగా దిగుతోంది. అడుగున పెట్టి వేలు తీసేశాక కూడా 0, 127, 0, 127 అని గెంతుతోంది. లోపల కార్బన్ పట్టీ మీద సన్నటి లోహపు ముక్క జారుతుంటుంది. మా కూకట్‌పల్లి ఫ్లాట్ బాల్కనీ రోడ్డు మీదకే, టేబుల్ దాని పక్కనే. ఆ దుమ్ము పట్టీ మీద చేరి లోహపు ముక్కని ఎత్తేస్తోంది. మ్యూజిక్ వాళ్ళకైతే పాటలో ఒక చిన్న గరగర, అంతే. నాకు టోగా.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక షాపతన్ని అడిగాను, తలుపు బందులకు కొట్టే స్ప్రే పనికొస్తుందా అని. “గది కొట్టకన్నా, ప్లాస్టిక్ ఖరాబైతది, దుమ్ము ఇంకింత పడ్తది. కాంటాక్ట్ క్లీనర్ తీస్కపో. సన్న గొట్టం పెట్టి సందుల కొట్టి, అటిటు మంచిగ జరుపు” అన్నాడు. అతను చెప్పినట్టే చేశాను, అంకెలు దారికొచ్చాయి. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలు. మళ్ళీ కొట్టాను. వాడనప్పుడు పాత చున్నీ కప్పుతున్నాం. కాస్త నయం.

నాబ్‌లకి ఈ జబ్బు ఎందుకు రాదంటే, అవి ‘ఒక మెట్టు’ అని మాత్రమే చెప్తాయి కాబట్టి. దుమ్ము పడితే ఒక మెట్టు తప్పుతుంది, కొంపలంటుకోవు. అలాగని పూర్తిగా నికార్సైనవని కూడా అనలేను. ఎక్కువ తిరిగేది హెడింగ్ నాబ్ కదా, అది ఈ మధ్య కుడికి తిప్పితే అప్పుడప్పుడు ఒక డిగ్రీ ఎడమకి పోతోంది. అంకె కళ్ళతో చూసుకోక తప్పడం లేదు. పైన ‘చూడకుండానే లెక్కపెట్టుకోవచ్చు’ అన్నాను చూడండి, అది కొత్తలో మాట. నాబ్ చుట్టూ వెలిగే లైట్లు ముచ్చటగా ఉంటాయి గానీ హెడింగ్ ఎంతో చెప్పవు. ఏ నాబ్ దేనికో రాసి కూడా ఉండదు. సెలవులకి ఊరెళ్ళి వస్తే రెండు రోజులు తడుముకుంటాను.

కొనమంటారా అంటే మీరేం నడుపుతారన్నదాన్ని బట్టి. నేను పిల్లాడు పడుకున్నాక హెడ్‌సెట్ పెట్టుకుని ప్యాసింజర్ విమానాలు నడిపే రకం, సగం ప్రయాణం ఆటోపైలట్ మీదే. అసలు ఎయిర్‌బస్ ప్యానెల్ నమూనా కొనడానికి డబ్బూ, పెట్టుకోవడానికి చోటూ లేవు. పగలు అదే టేబుల్ మీద మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంటుంది. నాకు ఇది సరిపోయింది. హెలికాప్టర్లు, యుద్ధ విమానాలు నడిపేవాళ్ళకి, ఆటోపైలట్ ముట్టనివాళ్ళకి దీనితో ఏం పనో నాకు తోచడం లేదు. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే లైట్లు వెలిగాయని డబ్బులిచ్చేయకండి. కంప్యూటర్‌కి తగిలించి ప్రతి స్లైడర్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపి అంకెలు చూడండి, నాబ్‌లు చివర లేకుండా తిరిగే రకమేనా అని కూడా.

థ్రాటిల్ ఇప్పుడు జాయ్‌స్టిక్ కింద ఉన్న చిన్న లివర్‌కి మార్చేశాను. ఫ్లాప్స్, స్పీడ్ బ్రేక్ కింద బటన్లకి పోయాయి. గెంతే స్లైడర్‌కి ఇప్పుడు కాక్‌పిట్ లైట్ల వెలుగు ఇచ్చాను. అప్పుడప్పుడు లైట్లు టపటపా కొట్టుకుంటాయి, కొట్టుకోనీ.