నాగోయా ఐస్ రింక్‌లో ఒక మధ్యాహ్నం: బూట్లకి సున్నా, ఐస్‌కి పదికి పది

మొన్న ఆదివారం మా అమ్మాయిని తీసుకుని నాగోయాలో ఒక ఐస్ రింక్‌కి వెళ్ళాను. రింక్ పేరు చెప్పను, ఎందుకంటే కాసేపట్లో వాళ్ళ బూట్లని తిట్టబోతున్నాను, స్టాఫ్ మాత్రం పాపం బంగారం లాంటి వాళ్ళు.

ముందు ఖర్చు సంగతి. టికెట్ మెషీన్‌లో నాకు 1,800 యెన్లు, పాపకి 1,200, బూట్ల అద్దె మనిషికి 500. గ్లవ్స్ లేకపోతే ఐస్ మీదకి రానివ్వరు. మేము మర్చిపోయాం కాబట్టి అక్కడే జత 300 చొప్పున రెండు జతలు కొన్నాం. లాకర్‌కి ఇంకో 100. మొత్తం 4,700. పిల్లలకి హెల్మెట్ ఫ్రీ. సాయంత్రం మూసేదాకా ఉండొచ్చు కాబట్టి ధర ఎక్కువేం కాదు, కాకపోతే నాలాంటి వాళ్ళకి గంటన్నరకే కాళ్ళు చేతులెత్తేస్తాయి.

ఇక బూట్లు. మొదటి జత లోపల తడి, అప్పుడే ఎవరో విప్పి ఇచ్చినట్టుంది. రెండో జతకి లేసు చివర పీచులు పీచులుగా ఊడిపోయి కన్నాల్లోంచి దూరదు. మూడోది కాస్త నయం, కానీ చీలమండ దగ్గర తోలు మెత్తబడిపోయి ఎడమ కాలు లోపలికి ఒరిగిపోతోంది. కౌంటర్ కుర్రాడు మూడుసార్లూ వంగి వంగి క్షమాపణ చెప్పి మార్చి ఇచ్చాడు, కోపం తెచ్చుకోవడానికి కూడా అవకాశం ఇవ్వలేదు. నాకు తెలిసొచ్చింది ఒకటే, ఐస్ మీద మనల్ని నిలబెట్టేది పాదం కాదు, చీలమండ. వేళ్ళ దగ్గర లేసు వదులుగా, చీలమండ చుట్టూ బిగించి కట్టుకోండి, మందం మేజోళ్ళు వద్దు, పొడుగ్గా పల్చగా ఉన్నవి చాలు.

ఐస్ మాత్రం అద్భుతం. మధ్యలో అందరినీ బయటికి పంపి మెషీన్‌తో ఐస్ చదును చేస్తారు. తర్వాత చూస్తే అద్దంలా ఉంటుంది, దాని మీద మొదటి గీత గీయాలంటే మనసొప్పదు.

అసలు నేను వెళ్ళింది వేరే అనుమానం తీర్చుకోవడానికి. వింటర్ ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ ఆఫీసులో పనులు ఆపి మరీ ఫిగర్ స్కేటింగ్ చూస్తారే, ఈ దేశానికి ఇంత పిచ్చి ఎక్కడిది, అన్ని మెడల్స్ ఎలా వస్తున్నాయి అని. జపాన్ వాళ్ళ శరీరం చిన్నది, తేలిక, అందుకే గాల్లో గిర్రున తిరుగుతారు అని మా కొలీగ్ ఒకాయన థియరీ. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు. ఇక్కడి స్కేటర్ కవోరి సకమొతో 2022 నుంచి 2024 దాకా వరసగా మూడుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయ్యింది. ఆమెని చూస్తే తేలిక అనిపించదు, రైలు వచ్చినట్టు వస్తుంది, ఆ స్పీడే ఆమె బలం.

జవాబు రింక్ మధ్యలో దొరికింది. చుట్టూ మాలాంటి వాళ్ళం గోడ పట్టుకుని ఒకే దిక్కుగా తిరుగుతుంటే, మధ్యలో కోన్లు పెట్టి కొంత జాగా వదిలేశారు, అది నేర్చుకునే పిల్లలకి. అందులో ఎనిమిదేళ్ళుంటాయేమో, ఒక పాప ఒకే జంప్‌ని వదలకుండా చేస్తోంది. ఎగరడం, పడటం, లేచి గ్లవ్స్‌కి అంటిన ఐస్ పొడి దులుపుకోవడం, ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ ఎగరడం. పదిహేడు దాకా లెక్కపెట్టి మానేశాను. గోడ దగ్గర పొడుగు కోటు వేసుకున్న టీచరమ్మ ఒక్కసారి కూడా అరవలేదు, పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు భుజం ఎలా ఉంచాలో చేత్తో చూపిస్తోంది, అంతే. మన పక్కనుంచే జారుకుంటూ వెళ్ళే ఈ పిల్లల్లో రేపు ఎవరు టీవీలో కనిపిస్తారో తెలీదు, గోడ పట్టుకుని వేలాడుతున్న మా అమ్మాయికీ వాళ్ళకీ మధ్య అడ్డం నాలుగు ప్లాస్టిక్ కోన్లు.

ఇదే ఊళ్ళో, ఓసు బజారు దగ్గరి రింక్‌లో, మిదోరి ఇతో అనే స్కేటర్ చిన్నప్పుడు ఇలాగే నేర్చుకుంది. కోచ్ మాచికో యమదా ఆ పిల్లని తన ఇంట్లోనే ఉంచుకుని పెంచింది. మిదోరి 1989లో వరల్డ్ ఛాంపియన్, ఆసియా నుంచి ఆ టైటిల్ గెలిచిన మొదటి మనిషి. 1992 ఒలింపిక్స్‌లో ట్రిపుల్ ఆక్సెల్, అంటే గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్, చేసి సిల్వర్ తెచ్చింది, అంతకు ముందు ఒలింపిక్స్‌లో ఏ అమ్మాయీ ఆ జంప్ చేయలేదు. అదే యమదా టీచర్ దగ్గర తర్వాత మావో అసాదా, ఆ తర్వాత షోమా ఉనో, ఇద్దరూ పేరున్న స్కేటర్లే. ఒక టీచరు, ఒక ఊరు, మూడు తరాలు. చూసి నేర్చుకోవడానికి పక్కనే ఒక అక్క ఉండటం ఎంత పెద్ద సంగతో, అకాడమీకి కోట్లు పోసినా అది దొరకదు.

దీనికి తోడు ఒక పద్ధతి కూడా ఉంది. 1998 వింటర్ ఒలింపిక్స్ తమ నగానోకి వస్తున్నాయని తెలిశాక, 1992 నుంచి ప్రతి ఏడూ నొబెయామా అనే చోట చిన్న పిల్లల్ని పోగేసి క్యాంపు పెడుతున్నారు, ఎవరిలో సరుకుందో అక్కడే పసిగడతారు. షిజుకా అరకవా అందులోంచి వచ్చిందే. 2006లో తూరిన్ ఒలింపిక్స్‌లో జపాన్‌కి వచ్చింది మొత్తం ఒకే ఒక్క మెడల్, అది ఆమె గోల్డ్. దేశమంతా ఆ ఒక్క మెడల్‌నే చూసి మురిసిపోతే ఆట ఎక్కడికి వెళ్తుంది, ఇంటింటికీ వెళ్తుంది.

మగవాళ్ళ స్కేటింగ్‌లో పెద్ద పేరు యుజురు హాన్యూ గురించి రాయడం మొదలెడితే ఆపలేను కాబట్టి కొంచెమే. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు సెందాయ్ రింక్‌లో ప్రాక్టీస్‌లో ఉన్నాడు, కాళ్ళకి స్కేట్స్‌తోనే బయటికి పరిగెత్తాడు. 2014 ఒలింపిక్స్‌లో గోల్డ్, 2018లో మళ్ళీ గోల్డ్. తను రాసిన పుస్తకం మీద వచ్చిన రాయల్టీ ఆ రింక్‌కే ఇచ్చేశాడు. 2023లో టోక్యో డోమ్ అంతటి స్టేడియంలో ఐస్ పరిచి ఒక్కడే షో చేస్తే అంత పెద్ద డోమ్ కూడా నిండిపోయింది. ఇలా టికెట్ కొనే జనం ఉంటే, పోటీల్లోంచి రిటైరయ్యాక కూడా స్కేటర్‌కి ఆ ఆటే అన్నం పెడుతుంది.

గెలిచినవాళ్ళనే చూస్తారా అంటే అదీ కాదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో మావో అసాదా మొదటి రోజు చేసే షార్ట్ ప్రోగ్రామ్‌లో పదహారో స్థానానికి పడిపోయి, మర్నాడు ఫ్రీ అనే పొడుగు ప్రోగ్రామ్‌లో ప్రాణం పెట్టి ఆడి ఆరో స్థానంతో ముగించింది. మెడల్ లేదు. రింక్ గోడ పక్కన బెంచీ మీద కలిసిన ఒక పెద్దావిడ నాకు చెప్పింది ఆ రాత్రి గురించే, ఇప్పటికీ తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయట. గోల్డ్‌ల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

కానీ అంతా బాగుందని రాస్తే అబద్ధం అవుతుంది. ఉన్న రింక్‌లు చాలవు. జనం మధ్యలో ఎగరడం ఎలాగూ కుదరదు, అందుకే అసలైన ప్రాక్టీస్ తెల్లవారకముందో, రింక్ మూసేశాక రాత్రుళ్ళో, అద్దెకి తీసుకున్న టైమ్‌లో. కారు నడిపేది అమ్మ, బిల్లు కట్టేది నాన్న. నాకు తోచింది చెప్తాను, సింగిల్స్‌లో ఇంత పేరు తెచ్చుకున్న దేశం, ఆడా మగా జంటగా చేసే పెయిర్స్‌లో ఇన్నాళ్ళు వెనకబడటానికి ఈ ఇరుకు కూడా కారణమే. ఒక మనిషిని తలపైకి ఎత్తి పట్టుకుని రింక్ అంతా తిరగాలంటే ఖాళీ ఐస్ ఉండాలి కదా. 2023లో, 2025లో వరల్డ్ టైటిల్ గెలిచిన రికు మియురా, ర్యుయిచి కిహరా జంట ట్రైనింగ్ చేసింది కెనడాలో. ఈ జోడీ కుదరక ముందు కిహరా నాగోయాలో ఒక రింక్‌లో పార్ట్ టైమ్ పనిచేశాడు. అది తెలిసినప్పటి నుంచి బూట్ల కౌంటర్ కుర్రాడి మీద విసుక్కోబుద్ధి కాదు. బూట్ల మీద మాత్రం ఇంకా కోపమే, కొత్తవి కొనండి మహాప్రభో.

వెళ్ళేవాళ్ళకి నా సలహా. ఆదివారం మధ్యాహ్నం వద్దు, గోడ పట్టుకోవడానికి కూడా క్యూ. మామూలు రోజుల్లో స్కూళ్ళు వదిలాక, నాలుగున్నర తర్వాత వెళ్ళండి, మధ్యలో పిల్లలు ఎక్కువ, చుట్టూ జనం తక్కువ. జారడం మీ వల్ల కాదనుకుంటే చూడటానికి వేరే టికెట్ ఉంది, 500 యెన్లు. బెంచీలు చల్లగా ఉంటాయి, కింద వేసుకోవడానికి ఏదైనా తీసుకెళ్ళండి. వచ్చే నెల నేను కొనేది అదే టికెట్, మా అమ్మాయికి మాత్రం బూట్లు సొంతంగా కొనాల్సి వచ్చేలా ఉంది, ఇంటికి వచ్చేదాకా రైల్లో ఆ పదిహేడు జంపుల పిల్ల గురించే మాట్లాడింది.