సుమేరియన్ కొలతల యాప్: లెక్కలు బాగున్నాయి, కానీ ఏ ఊరి గుర్ (ధాన్యం కొలత) అని అడగదు

ఐదుకి మూడు స్టార్లు. సుమేరియన్ల (నాలుగైదు వేల ఏళ్ల కిందట ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఉన్నవాళ్లు) కొలతల్ని ఇప్పటి కొలతల్లోకి మార్చే ఇలాంటి యాప్ ఒకటి రావాలని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను కాబట్టి మిగతా రెండు ఎందుకు తగ్గించానో కాస్త వివరంగానే రాస్తున్నాను. చేసినవాళ్లు చదివితే సంతోషం.

ముందు బాగున్నవి. పొడవులు, బరువులు చక్కగా చేశారు. ఏ కొలత కొట్టినా దాని కింద చిన్న కొలతలు, పైన పెద్ద కొలతలు మెట్లలాగా కనిపిస్తాయి. 30 వేళ్లు ఒక కుష్, అంటే మూర, సుమారు అర మీటరు. 12 కుష్‌లు ఒక నిందన్, 6 మీటర్లు. 1800 నిందన్లయితే ఒక దన్న, అది 10.8 కిలోమీటర్లు. బరువుల్లో 180 బార్లీ గింజలు ఒక గిన్, 60 గిన్లు ఒక 'మన', 60 'మన'లు ఒక గూ. గ్రాముల్లోకి మార్చినప్పుడు ప్రతిచోటా 'సుమారు' అని వేశారు చూడండి, అది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే దొరికిన వస్తువులన్నీ ఒకే అంకె చెప్పవు. నిప్పూర్ నగరంలో దొరికి ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉన్న రాగి కడ్డీ ప్రకారం మూర దాదాపు 51.8 సెంటీమీటర్లు వస్తుంది. అదే ఊర్ అనే నగరపు రాజు షుల్గి, నన్న అనే చంద్రదేవుడికి సమర్పించిన అర 'మన' తూకపు రాయి, లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది, 248 గ్రాములు, అంటే ఒక 'మన' 496 గ్రాములు, యాప్ చెప్పే అరకిలోకి దగ్గరగానే ఉంది.

భూమి కొలతలకీ పేరు పెట్టడానికి లేదు: ఒక నిందన్ చదరం ఒక 'సార్', 100 'సార్'లు ఒక ఇకు, 18 ఇకులు ఒక బూర్, సుమారు ఆరున్నర హెక్టార్లు.

అసలు ఇబ్బంది ధాన్యం దగ్గర. సుమేరియన్ లెక్కల్లో ఎటు చూసినా బార్లీయే, జీతం బార్లీ, అప్పు బార్లీ, గుడి గాదెలో బార్లీ, అలాంటిది ఇక్కడే యాప్ తప్పుదారి పట్టిస్తుంది. గుర్ అని కొడితే 300 సిలాలు (సిలా అంటే సుమారు ఒక లీటరు) అని చెప్పి ఊరుకుంటుంది. మూడో ఊర్ వంశం కాలానికి, అంటే క్రీ.పూ. 2100 తర్వాతి మట్టి పలకలకి అది సరే. కానీ అంతకుముందు లగష్ నగరంలోని గుడి లెక్కల్లో గుర్ 144 సిలాలే. ఇంకా వెనక్కి, షురుప్పక్ నగరానికి వెళితే 480.

దీనివల్ల ఏమవుతుందో ఒక పలకతోనే చూపిస్తాను. షురుప్పక్‌లో దొరికిన, దాదాపు క్రీ.పూ. 2600 నాటి పలక మీద ఒక లెక్క ఉంది: ఒక గాదె బార్లీ, మనిషికి 7 సిలాల చొప్పున పంచితే ఎంతమందికి వస్తుంది? అప్పటి గాదె అంటే 2400 గుర్లు. గుర్‌కి 480 చొప్పున 11,52,000 సిలాలు. ఏడుతో భాగిస్తే 1,64,571 మంది, మిగులు 3 సిలాలు. పలక మీద అచ్చంగా ఇదే జవాబు ఉంది, మిగులుతో సహా. అదే 2400 గుర్లు ఈ యాప్‌లో కొట్టండి, 7,20,000 సిలాలు అంటుంది, ఏడుతో భాగిస్తే 1,02,857 మంది. కొత్తగా చదివేవాళ్లు ఏమనుకుంటారు? లేఖకుడికి లెక్క రాలేదనుకుంటారు! ఇదే లెక్క ఉన్న ఇంకో పలక కూడా దొరికింది, దాని మీద జవాబు 1,64,160, అది నిజంగానే తప్పు. ఒకరు సరిగ్గా చేశారు, ఒకరు తప్పారు, ఆ తేడా కనిపెట్టడంలోనే ఉంది మజా అంతా. యాప్‌ని నమ్ముకుంటే ఇద్దరూ తప్పే అయిపోతారు.

పరిష్కారం పెద్ద పనేం కాదు. గుర్ కొట్టగానే ఏ ఊరు, ఏ కాలం అని అడిగితే చాలు. కొలతలు ఊరికొకటిగా ఉండటం ఆ రోజుల్లోనే తలనొప్పి అయినట్టుంది, ఊర్ రాజు ఊర్-నమ్ము చట్టాల ముందుమాటలో కంచు సిలాని, 'మన' తూకాన్ని ఖాయం చేశానని రాజు ప్రత్యేకంగా చెప్పుకుంటాడు.

ఉరుక్ నగరపు పాత పలకల అంకెల ట్యాబ్‌ది కూడా ఇదే జబ్బు. చిన్న గుండ్రటి గుర్తు నొక్కితే 10 అని వస్తుంది. గొర్రెల్ని లెక్కపెడుతుంటే అది పదే, కాదనను. కానీ అదే గుర్తు బార్లీ లెక్కలో కింది గుర్తుకి ఆరింతలు, పొలం లెక్కలో 18 ఇకులు. దేన్ని లెక్కపెడుతున్నారో తెలియకుండా ఆ గుర్తుకి విలువ చెప్పడం కుదరదు. ధాన్యం గుర్తుల మధ్య నిష్పత్తిని 1978లో గణిత చరిత్రకారుడు యోరన్ ఫ్రీబెర్గ్ తేల్చాకే ఆ పలకల్లో కూడికలు సరిగ్గా కుదిరాయి, అంత కష్టపడి తేల్చిన విషయాన్ని ట్యాబ్‌లో పెట్టకపోవడం నాకు బాధగా అనిపించింది.

ఊర్ కాలం పలకలు మాత్రమే చదివేవాళ్లయితే టెన్షన్ లేకుండా వాడుకోవచ్చు. రేషన్ల పేజీ, అంటే నెలకి మగ కూలీకి 60 సిలాలు, ఆడ కూలీకి 30 అని మొదలుపెట్టి మొత్తం మనుషులకి లెక్కకట్టేది, చాలా పనికొస్తుంది. అంతకంటే పాత పలకలకి మాత్రం పక్కన కాగితం, పెన్ను ఉండాల్సిందే.

వచ్చే అప్‌డేట్‌లో ఇంకొకటి. సార్ అంటే విస్తీర్ణం ఒక్కటే చూపిస్తున్నారు. కాలవ తవ్విన మట్టికీ సార్ ఉంది, ఒక నిందన్ చదరం మీద ఒక మూర లోతు. ఇటుకలకీ ఉంది, 720 ఇటుకలు. ఆ రెండూ చేర్చండి.